చుక్క పెన్నీ – 11: రుద్దరాదు

పోయిన వారం లొరేన్ హాస్లమ్‌ని టీవీ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

రామ్స్‌క్లఫ్ ఊళ్ళో చుక్క పెన్నీ గురించి తెలియని మనిషి లేడు. 1921 నాటి కంచు పెన్నీ అది. ఒకవైపు రాజుగారి తల, ఇంకోవైపు త్రిశూలం పట్టుకుని కూర్చున్న దేశమాత బ్రిటానియా, ఆమె కాళ్ళ కింద సంవత్సరం. ఆ సంవత్సరం పక్కన, ఏ పెన్నీ మీదా లేని ఓ బుల్లి చుక్క. 1962లో బస్సు కండక్టరు విల్ఫ్ హాస్లమ్ తన తోలుసంచీ చిల్లరలో దాన్ని పట్టుకున్నాడు. ఆ చుక్క పుణ్యమా అని ఊళ్ళో నాణేల క్లబ్బు పుట్టింది. క్లబ్బు మెంబర్లకి చుక్కల టై పుట్టింది. బేకరీలో నడుమ ఒకే ఒక్క ఎండుద్రాక్ష గుచ్చిన చుక్క బన్ను కూడా పుట్టింది, అదిప్పటికీ అమ్ముడుపోతోంది.

విల్ఫ్ పోయి ఇరవై నాలుగేళ్ళయింది. పెన్నీకి ఇప్పుడు కాపలా కూతురు లొరేన్‌ది. యాభై అయిదేళ్ళ మనిషి, తండ్రి ఎక్కిన పదకొండో నంబరు బస్సునే ఇప్పుడు తను నడుపుతోంది. ఈ మధ్యాహ్నం మూడింటికి డాక్టర్ ఫిలిపా వెనింగ్ వాళ్ళింటికి వస్తోంది. నాణేల రకాలన్నిటినీ నంబర్లేసి అచ్చు వేసే లావుపాటి పుస్తకానికి ఆవిడ ఎడిటరు. ఆవిడ సరే అంటే చుక్క పెన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. దాని పక్కన ‘కనుగొన్నది: విల్ఫ్ హాస్లమ్’ అని ఉంటుంది. విల్ఫ్ బతికుండగా ఆ పుస్తకం కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా ముందు వెనక పేజీలు తిప్పి చూసుకుని, మాట్లాడకుండా మూసేసేవాడు. అది చూస్తూ పెరిగిన పిల్ల లొరేన్.

డాక్టరమ్మకి చుక్కని పెద్దగా చూపిద్దామని లొరేన్ ముచ్చటపడి, టీవీకి తగిలించే మైక్రోస్కోపు ఒకటి కొంది. మధ్యాహ్నం రెండు దాటాక తగిలించింది. స్క్రీన్ మీద పుచ్చకాయంత చుక్క కనిపించింది. చుక్కలో ఓ గాలిబుడగ, బుడగ పక్కన వంకర తిరిగిన ఆకుపచ్చ ఉన్నిపోగు. కంచులో ఉన్ని ఎక్కడైనా మొలుస్తుందా? లొరేన్ నాలుగుసార్లు లెన్సు తుడిచింది, ఉన్ని పోలేదు. సరిగ్గా అప్పుడే వీధి గంట మోగింది.

తలుపు తీస్తే క్లబ్బు అధ్యక్షుడు క్లిఫర్డ్ టాటర్‌సాల్. డెబ్బై నాలుగేళ్ళవాడు, ఆరడుగుల పైన మరో రెండంగుళాలు. మునిసిపాలిటీ ఈతకొలనుకి ముప్ఫై ఏళ్ళు మేనేజరుగా చేశాడు. పరిగెత్తరాదు, దూకరాదు, తోసుకోరాదు అని బోర్డులు రాయించి రాయించి, ఆ ‘రాదు’ ఆయన ఒంట్లోకి ఇంకిపోయింది. విల్ఫ్‌కి ప్రాణస్నేహితుడు. లొరేన్‌కి ఊహ తెలిసినప్పటి నుంచి క్లిఫర్డ్ అంకుల్.

“అమ్మాయ్, టై వంకరగా ఉందా? ఉంటే సరిచెయ్యి. ఉపన్యాసం పన్నెండు నిమిషాలకి కుదించాను. ఒకసారి నీకు వినిపించి...”

“అంకుల్, ముందు లోపలికొచ్చి ఇది చూడండి.”

“చూస్తాలే. ముందు ఇది విను. ‘గౌరవనీయులైన డాక్టర్ వెనింగ్ గారికి, రామ్స్‌క్లఫ్ పౌరుల తరఫున...’ అదేంటది, పుచ్చకాయ?”

“మన చుక్క.”

క్లిఫర్డ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“లెన్సు మీద దుమ్ము పడింది.”

“నాలుగుసార్లు తుడిచాను.”

“అయితే టీవీ మీద ఉంటుంది. మీ అమ్మకి ఈ మధ్య దుమ్ము దులపడం తగ్గింది.”

“దుమ్ముకి బుడగలొస్తాయా అంకుల్? దారం వస్తుందా? ఒక్క బొట్టు గోరువెచ్చటి నీళ్ళు వేసి చూద్దాం. కంచయితే అలాగే ఉంటుంది. కాకపోతే మనకే ముందు తెలుస్తుంది. ఆవిడ ముందు నవ్వులపాలు కాకుండా ఉంటాం.”

“రుద్దుతావా!” అని అరిచాడాయన. పక్కింటి కుక్క మొరిగింది.

“రుద్దడం కాదు, తడపడం.”

“తడిపినవాళ్ళు ఊరుకుంటారా? తడిపాక తుడుస్తారు. తుడవడమంటే రుద్దడమే. ఏమే లొరేన్, మీ నాన్న కడుపున పుట్టి ఆ మాట ఎలా అన్నావే?”

ఇక్కడ ఓ మాట చెప్పాలి. నాణేలవాళ్ళు సిద్ధాంతాల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. 1902 పెన్నీలో బ్రిటానియా వెనక సముద్రం పోటు మీదుందా ఆటు మీదుందా అని ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేసిన సంగతి మూడో వారంలో చూశాం. కానీ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. నాణేన్ని రుద్దకూడదు. ఏళ్ళ తరబడి కంచు మీద పట్టిన ఆ గోధుమరంగు పొర పోయిందంటే ఇక నాణెం చచ్చినట్టే. క్లబ్బు హాల్లో టీ కుండ పైన గోడకి ‘రుద్దరాదు’ అని అడుగెత్తు అక్షరాల బోర్డు ఉంది. అది ఎవరు రాయించారో చెప్పక్కర్లేదు. ఓ పెద్దమనిషి పాతికేళ్ళ క్రితం అర్ధ పెన్నీని ఇత్తడి పాలిషుతో తళతళలాడించి తెచ్చాడని క్లబ్బులోంచి తీసేశారు. ఇప్పటికీ ఆయన కనిపిస్తే వీధిలో ఆ పక్కకి దాటేస్తారు.

అందుకే యాభై ఆరేళ్ళుగా చుక్క పెన్నీకి తడి వేలు తగల్లేదు. భూతద్దాలతో చూశారు, ఫోటోలు తీశారు, చెక్క ఫ్రేములో మఖమలు వేసి పడుకోబెట్టారు. ఇంకెవరి చేతిలో పడ్డా మొదటి రోజే గోటితో గీకి చూసేవాళ్ళు. నాణేలవాళ్ళ చేతిలో పడింది కాబట్టి ఆ చుక్క బతికి బట్టకట్టింది.

క్లిఫర్డ్ మైక్రోస్కోపు కిందనుంచి ఫ్రేము లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. లొరేన్ ఓ మూల పట్టుకుంది. ఆయన లాగాడు, ఈవిడ లాగింది. బస్సు స్టీరింగు తిప్పే చేతులు కదా, ఆవిడే గెలిచింది.

ఈ గోలకి వంటింట్లోంచి లొరేన్ తల్లి మావిస్ వచ్చింది. ఎనభై రెండేళ్ళు, చేతిలో రొట్టె కోసే కత్తి. డాక్టరమ్మ కోసం పొద్దుటి నుంచి గుడ్డు శాండ్‌విచ్‌లు చేస్తోంది. నాణేలంటే ఆవిడకి ఒకటే అభిప్రాయం, కూర్చుంటే కుర్చీలో గుచ్చుకుంటాయని. కానీ టీవీలో బొమ్మ చూసి ఆగిపోయింది. ఫ్రేము లాక్కున్నా బొమ్మ అందులో అలాగే నిలిచిపోయింది మరి.

“ఇదేంటే, నా ఉన్ని టీవీలోకెళ్ళింది?”

ఇద్దరూ తగువు ఆపేశారు.

“నీ ఉన్నేమిటమ్మా?”

“నాది కాక ఎవరిది? గాజుసీసాల ముదురు ఆకుపచ్చ. పెళ్ళయిన కొత్తలో మీ నాన్నకి వేళ్ళు లేని చేతితొడుగులు అల్లాను. చిల్లర ఇవ్వాలంటే వేళ్ళు బయటుండాలిగా. కుడిచేతిదానికి ఎన్నిసార్లు ముడేసినా పోగులు ఊడిపోయేవి. నా చేతి పని నేను గుర్తుపట్టనా?”

“మరి దాని చుట్టూ ఉన్న నల్లది?”

మావిస్ టీవీకి ముక్కు ఆనించి చూసింది.

“అది నా టాఫీ.”

“అమ్మా!”

“నల్లపాకం టాఫీ. నవంబరులో మంటలు వేసే పండక్కి కాచేదాన్ని కదా, మీ నాన్న జేబులో ఎప్పుడూ రెండు ముక్కలుండేవి. ఆ బుడగ చూడు! పొయ్యి మీంచి తొందరపడి దించితే బుడగలొస్తాయే అని మీ నాయనమ్మ ఏటేటా సాధించేది. చచ్చి ఏ లోకాన ఉందో గానీ, ముసల్దాని మాటే నిజమైంది.”

“ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అంది లొరేన్.

“నన్ను ఎవరడిగారు? ఒక్కనాడు ఆ భూతద్దం నా చేతికిచ్చారా? ‘మావిస్, ముట్టుకోకు. మావిస్, ఊపిరి వదలకు.’ యాభై ఆరేళ్ళుగా ఇదేగా వింటున్నాను. నా టాఫీకి బోర్డు పెట్టారని నాకేం తెలుసు?”

లొరేన్ నవ్వలేదు, ఏడవలేదు. ఆవిడ చూపు క్లిఫర్డ్ మీదుంది. టాఫీ అనే మాట వినగానే ఆయన ఎగిరి పడతాడనుకుంది. కాదంటాడనుకుంది. కనీసం సోఫాలో కూలబడతాడనుకుంది. ఆయన అవేమీ చెయ్యకుండా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆశ్చర్యపోవలసిన మనిషి ఆశ్చర్యపోలేదు.

“మీకు తెలుసు,” అంది లొరేన్.

“ఏది?”

“నీళ్ళు నమలకండి అంకుల్. మీకు తెలుసు.”

క్లిఫర్డ్ అప్పుడు సోఫాలో కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

“మీ నాన్నే చెప్పాడమ్మా. ఆస్పత్రిలో. పోవడానికి వారం ముందు.”

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. 1962 నవంబరులో ఓ పొద్దున, మూడో స్టాపులో ఎవరో ఇచ్చిన చిల్లరలో విల్ఫ్‌కి చుక్క పెన్నీ కళ్ళబడింది. నిజమైనది, కంచు చుక్కతో ఉన్నది. పక్కన పెడదామనుకునేలోపే బస్సు కిక్కిరిసిపోయింది. నాలుగో స్టాపులో ఆయన చెయ్యి దాని పాటికి అది, ఆ పెన్నీని ఎవరికో చిల్లర కింద ఇచ్చేసింది. మళ్ళీ అది కంటపడలేదు. డిపో క్యాంటీన్లో ఈ సంగతి చెప్తే ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ అనుకోవచ్చు, కానీ వాళ్ళు ఊరుకున్నారా? నెల్లాళ్ళ పాటు ప్రతి వెధవా పెన్నీ మీద పెన్సిలుతో చుక్క పెట్టి, “ఇదిగో విల్ఫ్, దొరికిందోయ్!” అని చేతిలో పెట్టేవాడు. ఒళ్ళు మండి ఓ రోజు విల్ఫ్ మరో 1921 పెన్నీ తీసుకుని, జేబులో టాఫీ కరిగించి, పిన్ను మొనతో చుక్క పెట్టి వాళ్ళ ముఖాన కొట్టాడు. ఒక్క టీ పూట వాళ్ళ నోళ్ళు మూయించాలని, అంతే. ఖర్మ కాలి ఆ పూటే నాణేల పిచ్చి ఉన్న ఓ స్కూలు మాస్టారు క్యాంటీన్లోకి టీకి వచ్చాడు. శుక్రవారానికల్లా పేపర్లో ఫోటో పడింది. నెల తిరక్కుండా క్లబ్బు పెట్టేశారు.

“చెప్పెయ్యమన్నాడు నన్ను,” అన్నాడు క్లిఫర్డ్. “‘నేను పోయాక మీటింగులో లేచి చెప్పెయ్యి క్లిఫ్. అసలుది ఎక్కడో ఉందని కూడా చెప్పు. నాకే ధైర్యం చాల్లేదు’ అన్నాడు.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“అప్పటికే నా పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయింది.”

చుక్క పెన్నీ మీద క్లిఫర్డ్ నలభై ఎనిమిది పేజీల పుస్తకం రాశాడని పాఠకులకి తెలుసు. కంచు పాళ్ళు మార్చినప్పుడు టంకశాలలో వేసుకున్న రహస్య గుర్తే ఆ చుక్క అని, ముప్ఫై ఒక్క కారణాలతో అందులో రుజువు చేశాడు. అయిదొందల కాపీలు వేయించాడు. వాటి మూలంగా ఇప్పటికీ ఆయన గరాజులో కారు పట్టదు.

లొరేన్‌కి కోపం కాళ్ళ నుంచి పాకుతూ వచ్చింది. “చావు మంచం మీద మనిషి అడిగిన ఒక్క మాట. ఇరవై నాలుగేళ్ళు దాన్ని మింగేసి, ఏటేటా క్లబ్బు విందులో లేచి నిలబడి మా నాన్న పేరు మీద గ్లాసు ఎత్తారు. మీకు ముద్ద ఎలా దిగింది?”

“దిగలేదమ్మా,” అన్నాడు క్లిఫర్డ్. ఆయన కళ్ళలో నీళ్ళు. “ఒక్కసారి కూడా దిగలేదు. కానీ చెబితే ఏమయ్యేది? టాఫీ పెట్టి ఊరిని మోసం చేశాడంటారు. అసలుది చూశానన్నాడంటే, దొరికిపోయాక అల్లిన కథ అంటారు. చచ్చిపోయినవాడు లేచి వచ్చి వాదించుకుంటాడా? వాడి పేరు కాపాడాననుకున్నాను.”

“నీ పుస్తకం కాపాడుకున్నావు,” అంది మావిస్, కత్తి ఊపుతూ. “వాడి పేరు కూడా అందులో ఉంది కాబట్టి అదీ బతికింది.”

క్లిఫర్డ్ ఉపన్యాసం కాగితం మడతపెట్టాడు. తర్వాత మెల్లిగా అన్నాడు: “ఇవాళ ఒక్క మధ్యాహ్నం లొరేన్. ఒక్క గంట. ఆవిడ రుద్దదు. వాళ్ళూ మనలాంటివాళ్ళే. చూస్తుంది, టీ తాగుతుంది, వెళ్ళిపోతుంది. మీ నాన్న పేరు అచ్చులో పడుతుంది. చిన్నప్పటి నుంచి నువ్వు కోరుకున్నది అదేగా?”

అదే. అందులోనే ఉంది చిక్కంతా. చెబితే నాన్న మోసగాడవుతాడు. చెప్పకపోతే నాన్న వదిలించుకోవాలనుకున్న అబద్ధం పక్కనే నాన్న పేరు అచ్చయి, పుస్తకం ఉన్నన్నాళ్ళూ ఉండిపోతుంది. లొరేన్ ఏ మాటా అనకముందే గంట మళ్ళీ మోగింది. మూడు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. టైముకి ముందే వచ్చే మనుషులంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

డాక్టర్ ఫిలిపా వెనింగ్ పొట్టిగా, చలాకీగా ఉంది. మెళ్ళో తాడుకి భూతద్దం వేలాడుతోంది. కోటు కూడా విప్పకుండా గుడ్డు శాండ్‌విచ్ ఒకటి అందుకుంది.

“అబ్బ, ఎంత బావున్నాయో! పొద్దుటి నుంచి కార్లోనే ఉన్నామండీ, కాఫీ చుక్క పడలేదు.”

ఆ ‘ఉన్నాం’ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. క్లిఫర్డ్ లేచి కాగితం విప్పాడు. “గౌరవనీయులైన...”

“ఉపన్యాసం మీరు నాకు పోస్టులో పంపారు కదా క్లిఫర్డ్ గారూ. రెండుసార్లు చదివాను. కూర్చోండి.”

ఆయన కూర్చున్నాడు. డాక్టరమ్మ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని భూతద్దం కంటికి ఆనించింది. గదిలో గడియారం, మావిస్ కత్తి తప్ప ఏదీ చప్పుడు చెయ్యలేదు. కిటికీ వైపు తిప్పి చూసింది. వెనక్కి జరిగి చూసింది. సంచీలోంచి బుల్లి స్కేలు తీసి, తగలకుండా పైన పట్టుకుని, సంవత్సరానికీ చుక్కకీ మధ్య దూరం కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది.

“సరిగ్గా,” అంది తనలో తాను. “వెంట్రుకవాసి తేడా లేదు.”

క్లిఫర్డ్ టై వదులు చేసుకున్నాడు.

“లొరేన్ గారూ, నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది పుస్తకంలోకి వెళ్ళాల్సిందే. ఈ కాగితం నింపి సంతకం పెట్టండి. కనుగొన్నవారి పేరు ఇక్కడ. కింద రెండు వాక్యాలు, అందరి చేతా రాయించుకునేవే.”

లొరేన్ కాగితం అందుకుంది. ‘కనుగొన్నవారు’ అన్న చోట విల్ఫ్ హాస్లమ్ అని రాసింది. బస్సు ట్రిప్పు షీటు గీకినట్టు గీకకుండా, బడిలో కాపీ రాసినట్టు ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దింది. ఆ పేరు ఆ గడిలో ఎంత బాగా అమరిందో! కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత కింద రెండు వాక్యాలు చదివింది. ‘ఈ నాణెం మీద ఎవరూ ఏదీ చేర్చలేదు, ఏదీ తొలగించలేదు. ఇది నాకు తెలిసినంతవరకు నిజం.’

తెలిసినంతవరకు! గంట క్రితం దాకా ఆవిడకి ఏమీ తెలియదు. అప్పుడే ఈ కాగితం వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని సంతకం గిలికేసేది. ఆ దిక్కుమాలిన మైక్రోస్కోపు కొనమని ఎవరైనా ఏడ్చారా?

క్లిఫర్డ్ ఆవిడ మోచేతి మీద చెయ్యి వేశాడు. మావిస్ కూతురి ముఖంలోకి తిన్నగా చూసింది.

లొరేన్ పెన్ను కింద పెట్టింది.

“డాక్టర్ గారూ, నేను సంతకం పెట్టలేను. అది చుక్క కాదు. టాఫీ.”

క్లిఫర్డ్ నోట్లోంచి బుడగ పగిలినట్టు చిన్న చప్పుడొచ్చింది.

లొరేన్ ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. క్యాంటీను గురించి చెప్పింది, పెన్సిలు చుక్కల గురించి చెప్పింది, పిన్ను మొన గురించి, ఆస్పత్రి గురించి చెప్పింది. క్లిఫర్డ్ దాచాడని మాత్రం చెప్పలేదు. “మాకు ఈ మధ్యే తెలిసింది” అని ఊరుకుంది. ఆఖరికి అంది: “మా నాన్న అసలుది చూశానన్నాడు. నేను నమ్ముతున్నాను. మీరు నమ్మక్కర్లేదు. రుజువేమీ లేదు నా దగ్గర. కానీ ఆయన ఊరిని దోచుకోవాలని చేసిన పని కాదండీ. నలుగురూ ఎగతాళి చేస్తుంటే ఓర్చుకోలేక చేశాడు. ఆ తర్వాత దిగలేకపోయాడు, అంతే.”

“దాచింది నేను,” అన్నాడు క్లిఫర్డ్ లేచి నిలబడి. ఈతకొలను గొంతు కాదది, ఎవరిదో చిన్న గొంతు. “ఇరవై నాలుగేళ్ళు దాచాను. ఆ పిల్లని ఏమీ అనకండి.”

డాక్టరమ్మ శాండ్‌విచ్ నమలడం మానేసింది. ఫ్రేము ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“టాఫీయా! అదీ సంగతి. చుక్క మరీ గుండ్రంగా ఉందేమిటా అనుకున్నాను.” కాసేపు ఆలోచించి అంది: “అయితే నాకు ఇంకో అనుమానం వచ్చింది లొరేన్ గారూ. టాఫీకి ఆ చోటు ఎలా తెలిసింది?”

“అర్థం కాలేదండీ.”

ఆవిడ సంచీలోంచి ఓ చిన్న కాగితపు కవరు తీసి, టీ బల్ల మీద మెల్లిగా ఒంచింది. గోధుమరంగు పెన్నీ బయటికి జారింది. 1921. సంవత్సరం పక్కన చుక్క.

“ఇది కంచు. నేను నీళ్ళలో నానబెట్టాను... క్లిఫర్డ్ గారూ, కంగారుపడకండి, రుద్దలేదు. రెండు వారాలు ల్యాబులో చూశాం. అచ్చులోనే పడ్డ చుక్క ఇది. సరిగ్గా అదే చోట, అదే కొలత. అసలుది కళ్ళతో చూడనివాడు పిన్ను మొనతో అక్కడే ఎలా పెడతాడు? మీ నాన్నగారు చూశారు. బాగా చూశారు.”

లొరేన్ ఏడ్చేసింది. అమ్మ ముందు, అంకుల్ ముందు, ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు, సిగ్గు లేకుండా భోరున ఏడ్చింది. నాన్న అబద్ధం ఆడలేదు. ఇంకెవరు నమ్మినా నమ్మకపోయినా ఇక ఫరవాలేదనిపించింది. క్లిఫర్డ్ తన చుక్కల టై విప్పి కళ్ళు తుడుచుకోమని ఇచ్చాడు.

“ఎక్కడ దొరికిందండీ ఇది?” అంది కాస్త తేరుకున్నాక.

“హెబుల్‌థార్ప్ నుంచి, మిస్ ఐరిస్ సట్‌క్లిఫ్ అని ఒకావిడ పంపించారు. మీకు పడని యార్క్‌షైర్ మనిషే అయినా చాలా మంచావిడ. 1962లో మీ ఊళ్ళో మిల్లులో పనిచేసేవారట. బస్సులో చిల్లర కింద వచ్చిందట.” డాక్టరమ్మ ఉత్సాహంగా ఉత్తరం విప్పింది. “నిజానికి ఉత్తరం అంతా దాని గురించే. ఆవిడ బస్సు దిగి నడుస్తుంటే కండక్టరు కూడా దూకి, చేపల దుకాణం దాకా వెంటపడ్డాడట, ఆ పెన్నీ వెనక్కి ఇమ్మని. ఒక్క పెన్నీ కోసం ఎవడైనా పరిగెత్తుతాడా, ఇదేదో పలకరించడానికి సాకు అనుకున్నారట ఈవిడ. ఇవ్వనన్నారు. మర్నాడు మళ్ళీ వచ్చాడట. పేరు విల్ఫ్ అన్నాడట. ఆ పై రోజు పువ్వులు తెచ్చాడట, పెన్నీకి మారుగా.”

వంటింటి గుమ్మం దగ్గర శాండ్‌విచ్‌లు కోస్తున్న మావిస్ కత్తి చప్పుడు ఆగింది.

డాక్టరమ్మకి అది వినిపించలేదు. “ఆరు వారాలు తిరిగాడట పాపం. ఆవిడ ఇవ్వలేదు, దాచుకున్నారు. మిల్లు మూసేశాక ఊరు వెళ్ళిపోయారు. ఇవాళ నేను ఇటు వస్తున్నానంటే, ఒక్కసారి ఆయన్ని చూడాలి, నన్నూ తీసుకెళ్ళమన్నారు. కార్లో కూర్చున్నారు. ఆయన పోయారన్న సంగతి నేనింకా... మీరే చెబితే బాగుంటుందేమో.”

చుక్క పెన్నీ ఎక్కడికి పోయిందో తెలియదని విల్ఫ్ స్నేహితుడికి చెప్పాడు. ఆస్పత్రి మంచం మీద, అన్నీ ఒప్పుకుంటూ, ఆ ఒక్కటీ ఒప్పుకోలేదు. లొరేన్ మెల్లిగా తల్లి వైపు తిరిగింది.

మావిస్ కత్తి బల్ల మీద పెట్టింది. ఏప్రన్ విప్పి మడతపెట్టి కుర్చీ మీద వేసింది. జుట్టు సర్దుకుంది.

“1962 నవంబరు,” అంది. “ఆ ఆరు వారాలూ డబుల్ డ్యూటీ అని చెప్పాడు నాకు. వెళ్ళవే లొరేన్, ఆవిణ్ణి లోపలికి తీసుకురా.”